మెదడు ఉచితం, వెన్నెముక మన పని!

ఇనుప దిమ్మెలో గాడి తీయాలన్నా, అంచు చదును చేయాలన్నా, కొలత తప్పకుండా వరుసగా రంధ్రాలు వేయాలన్నా మిల్లింగ్ యంత్రం కావాలి. అదే కంప్యూటరుతో నడిచేదైతే వెల లక్షల్లో మాట. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు నడుపుకునే వారికైనా, ఐ.టి.ఐ. చదివి బయటికి వచ్చిన కుర్రవాడికైనా అది అందని మాని పండే.

అయితే ఇటువంటి యంత్రాన్నే చిన్న ఎత్తున ఇంట్లో బిగించుకుంటున్న ఔత్సాహికులు దేశదేశాల్లో ఉన్నారు. ప్రతిఫలం ఆశించని వారు పలువురు కలిసి రాసిన నియంత్రణ ప్రోగ్రామే వారికి అండ. దాని పేరు 'లినక్స్ సి.ఎన్.సి.'

సర్కారు సొత్తు అందరిదయింది

అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1952లో చిల్లుల కాగితపు టేపుతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించారు. ఆ విద్య చాలాకాలం పెద్ద కర్మాగారాల ప్రహరీలు దాటలేదు. 1990వ దశకంలో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 'నిస్ట్' యంత్రాలను నడిపే ప్రోగ్రాము ఒకటి తయారుచేసింది. ఆ దేశ చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగులు విధి నిర్వహణలో రాసిన దానికి అక్కడ కాపీహక్కు ఉండదు. 2000 ప్రాంతంలో స్వచ్ఛంద కార్యకర్తలు దానిని చేపట్టి నేటికీ మెరుగుపరుస్తున్నారు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు.

పనిచేసే తీరు

కోయవలసిన ఆకారాన్ని 'జి-కోడ్' అనే చిన్న భాషలో చెబుతారు. జి1 అంటే సూటిగా కోస్తూ వెళ్లు. జి2 అంటే గడియారం ముల్లు తిరిగే దిశలో వంపు తిరుగు. ప్రోగ్రాము ఆ మాటలను స్టెప్పర్ మోటారుకు అర్థమయ్యే విద్యుత్ తట్టులుగా మారుస్తుంది. పాత కంప్యూటరు వెనుక ప్రింటరు కోసం ఉండే 25 రంధ్రాల సాకెట్టు చాలు. దానిలో 12 తీగలు ఆజ్ఞలు పంపడానికి, 5 తీగలు కబురు తెచ్చుకోవడానికి పనికొస్తాయి.

సామాన్యమైన స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. ఒక్కో అడుగును ఎనిమిది భాగాలు చేస్తే 1,600. చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే స్క్రూ బిగిస్తే మిల్లీమీటరుకు 320 తట్టులు. నిమిషానికి 600 మిల్లీమీటర్ల వేగంతో కదలాలంటే సెకనుకు 3,200 తట్టులు వేళకు అందాలి. కంప్యూటరు మరో పనిలో పడి ఆలస్యం చేస్తే మోటారు తడబడుతుంది. అందుకే ముందుగా కంప్యూటరు ఎంత ఆలస్యం చేస్తుందో కొలిచే పరీక్ష పెడతారు. అందులో సగటు అంకెను చూడరు. అన్నిటికన్నా చెడ్డ అంకెనే చూస్తారు.

ప్రోగ్రాము తీర్చలేని లోపం

ఇంతవరకు ఖర్చు లేదు. అసలు కష్టం ఇక్కడినుంచే. స్క్రూకూ నట్టుకూ మధ్య 'ప్లే' ఉంటే, దిశ మార్చినప్పుడల్లా బెడ్డు కాస్త వెనుకబడుతుంది. ఆ తేడాను డయల్ గేజీతో కొలిచి ప్రోగ్రాముకు చెప్పవచ్చు. అది లెక్క సరిచేస్తుంది. కాని కట్టరు లోహాన్ని పట్టి లాగినప్పుడు వదులుగా ఉన్న బెడ్డును అది పట్టి ఆపలేదు. మూలమట్టానికి నిలవని స్తంభాన్నీ, వణికే చట్రాన్నీ ఏ ప్రోగ్రామూ నిలబెట్టలేదు. పైగా మామూలు స్టెప్పర్ మోటారు తానెక్కడున్నదీ తిరిగి చెప్పదు. నాలుగు అడుగులు తప్పినా, కంప్యూటరు తెర మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

కనుక బెడ్డు చదును చేయడం, స్లైడ్లు సమాంతరంగా బిగించడం, నట్టు సరిచేయడం తెలిసిన మన టర్నరు, ఫిట్టరు చేతిపనికి విలువ తగ్గలేదు, పెరిగింది.

ఎర్ర బటను మరువరాదు

భద్రతకు ప్రోగ్రామును మాత్రమే నమ్ముకోవద్దని దానిని రాసినవారే హెచ్చరిస్తున్నారు. ఎర్రని అత్యవసర బటను నొక్కితే కంప్యూటరుతో నిమిత్తం లేకుండా మోటార్లకు కరెంటు తెగిపోవాలి. కళ్లద్దాలు తప్పనిసరి. తిరిగే కట్టరు దగ్గర చేతి తొడుగులు, వదులు చొక్కా చేతులు ఉండకూడదు. నష్టం జరిగితే పరిహారం అడగడానికి అమ్మినవాడంటూ ఎవరూ లేడు.

మొదటిసారే ఇనుము జోలికి పోనవసరం లేదు. కట్టరుకు బదులు కలం బిగించి కాగితం మీద ఒక వృత్తం గీయించి చూడండి. స్క్రూలో ప్లే ఉంటే దిశ మారే నాలుగు చోట్లా వృత్తం చదునుగానో, చిన్న మెట్టుగానో కనిపిస్తుంది. ఆ గీత గుండ్రంగా వచ్చేదాకా స్పానరు కింద పెట్టకండి. మెదడును ఎవరో పుణ్యాత్ములు ఇచ్చారు. వెన్నెముకను మన చేతులతోనే నిలబెట్టుకోవాలి.