ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా జీపు ఎందుకు కదల్లేదు? మా ఇర్వింగ్ గరాజ్‌లో ఎయిర్ లాకర్ బిగించిన అనుభవం

మన డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్ల ముందు ఈమధ్య జీపులు, ఫోర్ రన్నర్లు, టకోమాలు బాగానే కనిపిస్తున్నాయి. "నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి వెళ్తుంది కదా, ఎక్కడికైనా వెళ్లిపోవచ్చు" అనుకుని కొంటాం. నేనూ అలాగే అనుకుని 2015 మోడల్ రాంగ్లర్ నాలుగు డోర్లది కొన్నాను. ఆ అనుకోవడంలో తప్పెక్కడుందో పోయిన ఏడాది ఏప్రిల్లో తెలిసింది.

అప్పుడు మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గర మాది వ్యవసాయ కుటుంబం. ఆయన ముప్పై ఏళ్లకు పైగా ట్రాక్టర్ తోలిన మనిషి. ఇర్వింగ్‌లో గుడి, గాంధీ పార్కు, ఇండియన్ గ్రోసరీ షాపులు అన్నీ అయిపోయాక, ఒక శనివారం అందరం కలిసి తూర్పు టెక్సాస్‌లో గిల్మర్ దగ్గరున్న బార్న్‌వెల్ మౌంటెన్‌కి బయల్దేరాం. ఆఫ్ రోడ్ బళ్ల కోసమే ఉన్న కొండ, అడవి అది. ముందురోజు వాన పడింది. అక్కడిది ఎర్రమట్టి, తడిస్తే సబ్బులా జారుతుంది.

సాయంత్రం ఒక చిన్న గండి అడ్డంగా దాటుతుంటే బండి ఒరిగి ఆగిపోయింది. వెనక ఎడమ చక్రం గాల్లో గిర్రున తిరుగుతోంది. ముందు కుడి చక్రం బురదలో జారుతోంది. మిగతా రెండూ గట్టి నేల మీదే ఉన్నాయి కానీ కదలడం లేదు. ఫోర్ లో గేర్‌లోనే ఉన్నాం. ఎంత యాక్సిలరేటర్ తొక్కితే అంత లోతుకి దిగుతోంది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. మా ఆవిడ ఇద్దరు పిల్లల్నీ దింపి, మోకాళ్ల దాకా బురదతో గట్టు ఎక్కించింది. చిన్నది ఏడుపు మొదలెట్టింది.

నాన్న దిగి, వంగి కిందకి చూసి ఒకటే మాట అడిగారు. "ఏరా, ఇంత ఖరీదు పెట్టి కొన్నావు, దీనికి డిఫరెన్షియల్ లాక్ లేదా? మన ట్రాక్టర్‌కే ఉంది కదా!"

గంట తర్వాత వేరే జీపులో వచ్చినవాళ్లు పట్టీ కట్టి బయటికి లాగారు. ఇంటికొస్తుంటే మా ఆవిడ "ఇకనుంచి బండిని కాస్ట్‌కోకి తీసుకెళ్తే చాలు" అంది. తప్పు పట్టలేం. అయితే నాన్న అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

అసలు డిఫరెన్షియల్ ఏం చేస్తుంది?

బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం కంటే బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. మా జీపులో ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం ఐదు అడుగుల పైచిలుకు. వీధి చివర ఒక్క 90 డిగ్రీల మలుపు తిప్పితే బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు 8 అడుగులు ఎక్కువ ప్రయాణిస్తుంది. రెండు చక్రాలనీ ఒకే ఇరుసుకి గట్టిగా బిగిస్తే ఏదో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాల్సిందే. అలా జరగకుండా రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగే వీలు కల్పించేదే డిఫరెన్షియల్.

దీనికో బలహీనత ఉంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ సమానమైన బలమే పంపుతుంది. ఒక చక్రం గాల్లో ఉంటే దాన్ని తిప్పడానికి బలం అక్కర్లేదు. కాబట్టి గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే, అంటే దాదాపు ఏమీ అందదు. ముందు ఇరుసులో ఒక చక్రం, వెనక ఇరుసులో ఒక చక్రం పట్టు కోల్పోతే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా ఉన్నచోటే ఉండిపోతుంది. మాకు జరిగింది ఇదే.

జారే చక్రానికి కంప్యూటర్ తనే బ్రేక్ వేసి, రెండో చక్రానికి బలం పంపే ఏర్పాటు మా జీపులో ఉంది. చాలా కొత్త బళ్లలోనూ ఉంటుంది. చిన్నచిన్న గోతులకి అది చాలు. కానీ చక్రం జారడం మొదలయ్యాకే అది పని మొదలుపెడుతుంది. అప్పటికి మా బండి దిగబడిపోయింది.

లాకర్ ఉంటే తేడా ఏమిటంటే, స్విచ్ వేయగానే ఆ ఇరుసు మీదున్న రెండు చక్రాలూ ఒకటైపోతాయి. ఒకటి గాల్లో ఉన్నా రెండోది కచ్చితంగా తిరుగుతుంది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ ఒకపక్క దిగబడితే మడమతో తొక్కే పెడల్ చేసే పని కూడా ఇదే. రాంగ్లర్‌లో రూబికాన్ మోడల్‌కి కరెంటుతో పనిచేసే లాకర్లు కంపెనీ నుంచే వస్తాయి. మన దగ్గర మహీంద్రా థార్ కొన్ని రకాల్లోనూ లాకయ్యే డిఫరెన్షియల్ ఉంది. నాది స్పోర్ట్ మోడల్ కాబట్టి బయట కొనాల్సి వచ్చింది.

గాలితో ఎందుకు?

లాకర్లలో గాలివీ, కరెంటువీ, తమంతట తామే లాకయ్యేవీ ఉన్నాయి. గాలి లాకర్‌లో పేరున్నది ఆస్ట్రేలియాకి చెందిన ఏఆర్‌బీ. 1975లో మెల్‌బోర్న్‌లో మొదలైన ఆ కంపెనీ, రాబర్ట్స్ అనే లాకర్ డిజైన్‌ని 1987లో కొని దాన్ని ఎయిర్ లాకర్‌గా అభివృద్ధి చేసింది. ఇందులో చిన్న కంప్రెసర్ గాలిని ఇరుసు లోపలికి పంపుతుంది. ఆ గాలి పిస్టన్‌ని నెడితే, లోపలున్న ఒక గేరు డిఫరెన్షియల్ బాడీకి పట్టేసుకుంటుంది. స్విచ్ ఆపితే గాలి బయటికి పోయి, స్ప్రింగులు గేరుని వెనక్కి తోస్తాయి. అప్పుడు బండి మళ్లీ మామూలే. అదే కంప్రెసర్‌తో టైర్లకి గాలి కూడా కొట్టుకోవచ్చు. నేను దీన్ని ఎంచుకోవడానికి సగం కారణం అదే.

ఖర్చు సంగతికొస్తే, ఒక ఇరుసుకి లాకరూ, కంప్రెసరూ కలిపి 1500 డాలర్లకు పైనే అవుతుంది. షాపు కూలి అదనం. నేను వెనక ఇరుసుకి మాత్రమే పెట్టుకున్నాను.

గరాజ్‌లో ఏం చేశామంటే

మా హెచ్‌ఓఏ నియమాల ప్రకారం డ్రైవ్‌వేలో బండి విప్పి పెట్టకూడదు. అందుకని గరాజ్ మొత్తం ఖాళీ చేశాం. నాన్న ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని కూర్చున్నారు. మామయ్యగారు కింద కూర్చోకుండా చూసుకోమని మా ఆవిడ నాకు గట్టిగానే చెప్పింది. పది నిమిషాల్లో ఆయన బండి కిందే ఉన్నారు.

మొదట ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక భాగం ఎత్తి, జాక్ స్టాండ్ల మీద నిలబెట్టాం. ఒట్టి జాక్‌ని నమ్ముకుని బండి కింద దూరకండి.

డిఫరెన్షియల్ మూత తీసి ఆయిల్ దింపాక, ఏదీ విప్పకముందే కొలతలు తీసుకున్నాం. క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య కొద్దిపాటి సందు ఉంటుంది. దాన్ని బ్యాక్‌లాష్ అంటారు. చాలా ఇరుసుల్లో ఇది 6 నుంచి 10 థౌల మధ్య ఉంటుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మీ ఇరుసుకి ఎంత ఉండాలో మాన్యువల్లో చూసుకోవాలి. దీన్ని కొలవడానికి డయల్ గేజ్ కావాలి. సందు తక్కువైతే గేర్లు వేడెక్కి పాడవుతాయి, ఎక్కువైతే మోత వస్తుంది. గేరు పళ్లకి రంగు పూసి తిప్పి, అచ్చు ఎక్కడ పడిందో ఫోటో కూడా తీసుకున్నాం.

తర్వాత బ్రేకులు విప్పి రెండు షాఫ్టులూ లాగాం. బేరింగ్ క్యాపుల మీద ఏది ఎడమో, ఏది కుడో, ఏ వైపు పైకుండాలో గుర్తులు కొట్టాం. పాత డిఫరెన్షియల్ బయటికి తీసి, షిమ్‌లు, అంటే పలచటి సర్దుబాటు రింగులు, ఎడమవి కుడివి విడివిడిగా పెట్టాం. ఇక్కడ నాన్న పద్ధతి పనికొచ్చింది. రెండు స్టీలు పళ్లేలు తెప్పించి, ఒకదాంట్లో ఎడమవి, ఒకదాంట్లో కుడివి వేయించారు.

క్రౌన్ వీల్‌ని లాకర్‌కి మార్చేటప్పుడు బోల్టులకి లాక్‌టైట్ పూసి, ఎదురెదురుగా వరస మార్చుకుంటూ, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించాం. కొత్త బేరింగులు వేశాం. లోపలికి గాలి వెళ్లే దారి ఒక బేరింగ్ పక్కనే ఉంటుంది. దాన్ని సీల్ హౌసింగ్ అంటారు. అందులో రబ్బరు ఓ రింగులుంటాయి. వాటికి ఆయిల్ రాసి మెల్లగా ఎక్కించాలి. ఈ మాట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

హౌసింగ్‌కి ఆయిల్ మట్టానికి పైన, క్రౌన్ వీల్ తగలని చోట, రంధ్రం చేసి మర తీయాలి. రాగి గొట్టం ఆ రంధ్రం దగ్గరికే వస్తుంది. ఈ పని డిఫరెన్షియల్ బయట ఉన్నప్పుడే చేసుకోవాలి. డ్రిల్ బిట్‌కి గ్రీజు పూస్తే ఇనప రజను దానికే అంటుకుంటుంది. అయినా లోపల గుడ్డ కుక్కి, తర్వాత శుభ్రంగా తుడవాలి. చిన్న రజను మిగిలినా బేరింగులు తినేస్తుంది.

లాకర్ కూర్చోబెట్టి మళ్లీ బ్యాక్‌లాష్ కొలిస్తే తేడా వచ్చింది. షిమ్‌లు మార్చడం, కొలవడం, మళ్లీ విప్పడం. ఇలా నాలుగుసార్లు చేశాం. ఆదివారం సాయంత్రం మొత్తం దీనికే సరిపోయింది. లాకర్ బిగించడమంటే ముక్కాలు భాగం ఈ కొలతల పనే. ఇది మీకు కొత్తయితే ఈ భాగం గేర్ల పని తెలిసిన షాపుకి ఇవ్వండి. గాలి గొట్టం, వైరింగ్ మీరు చేసుకోవచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

గాలి గొట్టాన్ని సైలెన్సర్ వేడికి దూరంగా, ఇరుసు కిందికి వేలాడినా లాగుకుపోకుండా కాస్త వదులుగా కట్టాం. కంప్రెసర్‌కి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సహా వేరే లైను ఇచ్చాం.

మూత మూసేముందు పరీక్ష చేశాం. వెనక చక్రాలు రెండూ గాల్లో, గేరు న్యూట్రల్లో ఉంచి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది వెనక్కి తిరిగింది. లాకర్ స్విచ్ వేశాక రెండూ ఒకేవైపు తిరిగాయి. నాన్న చప్పట్లు కొట్టారు. పాత ఆయిల్‌ని డ్రైన్‌లో పోయకండి. ఆటో పార్ట్స్ షాపుల్లో చాలామంది ఊరికే తీసుకుంటారు, ముందు అడిగి వెళ్లండి.

నా తొందరపాటు

రెండు వారాలకి కంప్రెసర్ మీదున్న వాల్వ్ దగ్గర గేర్ ఆయిల్ చుక్కలు కనిపించాయి. లాకర్ ఆపినప్పుడల్లా బయటికొచ్చే గాలితో పాటు ఆయిల్ కూడా వస్తోంది. మళ్లీ అంతా విప్పితే, సీల్ హౌసింగ్‌లో ఒక ఓ రింగు అంచు తెగి ఉంది. ఆదివారం రాత్రి పదింటికి, పొద్దున్నే ఆఫీసు ఉందని నేను బలంగా తోసింది అదే. అప్పటికి నాన్న ఇండియా వెళ్లిపోయారు. ఫోన్లో చెబితే, "నేను అప్పుడే అన్నాను, పడుకుని పొద్దున చేద్దాంరా అని" అన్నారు. కొత్త రింగు వేశాక, గాలి నింపి లాకర్ వేసి పావుగంట చూశాను. కంప్రెసర్ మళ్లీ ఆన్ కాలేదంటే లీకు లేనట్టు. ఈ పరీక్ష మొదటిరోజే ఓపిగ్గా చేసి ఉంటే అప్పుడే దొరికేదేమో.

ఎప్పుడు వాడకూడదు?

ఇది అన్నిటికంటే ముఖ్యం. ట్రాక్టర్‌కి నాన్న చెప్పిన నియమమే దీనికీ వర్తిస్తుంది. లాక్ తొక్కి మలుపు తిప్పకూడదు. ఆగి, లాక్ వేసి, నెమ్మదిగా, వీలైనంత నేరుగా గండం దాటి, వెంటనే తీసేయాలి. పొడి రోడ్డు మీద వాడితే స్టీరింగ్ మాట వినదు, షాఫ్టులు విరిగే ప్రమాదం కూడా ఉంది.

చాలామంది నన్నడిగిన ప్రశ్న ఇంకోటుంది. "2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చింది కదా, అలాంటప్పుడు లాకర్ ఉంటే భయం లేదా?" నిజానికి అప్పుడే ఎక్కువ భయం. గడ్డకట్టిన రోడ్డు మీద వెనక చక్రాలు రెండూ లాకైతే రెండూ ఒకేసారి జారతాయి, బండి వెనక భాగం పక్కకి కొట్టుకుపోతుంది. మామూలుగా ఉంటే జారని రెండో చక్రమైనా బండిని కాస్త నిలబెడుతుంది. మంచుకి సరైన టైర్లు, తక్కువ వేగం, అంతకంటే ఇంట్లో ఉండటం మంచిది. పాడ్రే ఐలాండ్ ఇసుకలోకి వెళ్లేవాళ్లు కూడా లాకర్ కంటే ముందు టైర్లలో గాలి తగ్గించడం నేర్చుకోవాలి.

వారంటీ గురించి కూడా ఒక మాట. బయటి పార్టు పెట్టారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయడానికి 1975 నాటి మాగ్నసన్-మాస్ ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. కానీ ఆ పార్టు వల్లే పాడైందని చూపిస్తే ఆ రిపేరు మీ జేబులోంచే. ఇన్సూరెన్స్ వాళ్లకి మాత్రం ముందే చెప్పి, ఈ అదనపు సామాను కవర్ అవుతుందో లేదో అడగండి.

ఏడాదికి ఒకటి రెండుసార్లు మట్టి రోడ్డెక్కే కుటుంబానికి లాకర్ అక్కర్లేదు. మంచి టైర్లు, లాగే పట్టీ, తోడు ఇంకో బండి ఉంటే చాలు. నాలాగా మళ్లీమళ్లీ వెళ్లేవాళ్లకైతే పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది.

అక్టోబర్లో మళ్లీ బార్న్‌వెల్ వెళ్లాం, ఈసారి ఇంకో రెండు కుటుంబాలతో కలిసి. అలాంటి గండి దగ్గరే ఆగి, లాకర్ వేసి, నడక వేగంతో దాటి, స్విచ్ తీసేశాను. మొత్తం అర నిమిషం పట్టిందేమో. మా ఆవిడ వీడియో తీసి నాన్నకి వాట్సాప్‌లో పంపింది. వెంటనే ఆయన ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "లాక్ తీశావా?"