పాత ప్రింటర్‌కి వైఫై ఎలా?

హుజూర్‌నగర్‌లో హాల్‌టికెట్ ప్రింట్ కావాలంటే మీసేవకో, జిరాక్స్ షాపుకో పోవాలి. ఇంట్లో పాత ప్రింటరున్నా దానికి యూఎస్‌బీ తీగ తప్ప వైఫై తెలియదు. మరి ఫోన్‌లోంచి ప్రింట్ ఎలా?

కంప్యూటర్‌కి పెట్టే వైఫై డాంగిల్ కొంటే చాలనుకుంటారు చాలామంది. డబ్బు దండగ! ప్రింటర్ వెనకున్న చదరపు రంధ్రంలో అది పట్టదు. పట్టినా పనిచేయదు. యూఎస్‌బీలో పని చెప్పేది ఒకరు, చేసేది మరొకరు. చెప్పేది కంప్యూటర్. ప్రింటరూ డాంగిలూ చేసేవే. పంతులు లేని క్లాసులో ఇద్దరు పిల్లలన్నమాట.

కావాల్సింది వైఫై ప్రింట్ సర్వర్. ఆ చిన్న పెట్టెలో ఓ బుల్లి కంప్యూటరుంటుంది. వైఫైలో వచ్చిన ఫైల్‌ని అందుకుని, తీగ గుండా ప్రింటర్‌కి పని చెబుతుంది. వెనక యూఎస్‌బీ పోర్టున్న కొన్ని రౌటర్లూ ఈ పని చేస్తాయి.

ఇలాంటి పెట్టెలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగమే కానీ, గోడలు దాటేసరికి ఎక్కువ నీరసపడుతుంది. మన వైపు రాతిగోడల ఇళ్లలో 2.4 నయం.

కొనేముందు మీ ప్రింటర్ మోడల్ ఆ పెట్టె జాబితాలో ఉందో లేదో చూడండి. ప్రింట్ వచ్చినా స్కానర్ పనిచేయకపోవచ్చు, అదీ అడగండి.