రక్తంలో మద్యం ఎంత? రంగు మార్పే కొలమానం

కృష్ణానగర్ : షూటింగులు ముగించుకొని సినీ కార్మికులు ఇళ్లకు మళ్లే వేళ అమీర్‌పేట, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ దారుల్లో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు ఎదురవడం ఇక్కడివారికి కొత్త కాదు. గొట్టంలోకి ఊదడం, యంత్రంపై అంకె కనిపించడం అందరూ చూసిందే. అయితే ప్రమాదంలో స్పృహ కోల్పోయిన డ్రైవరు ఊదలేడు. అప్పుడు రక్తమే సాక్ష్యం. 2016 జులై 1న పంజాగుట్టలో మద్యం మత్తులో నడిపిన కారు డివైడర్ దాటి మరో కారుపై పడగా, ఒక చిన్నారి సహా ఒకే కుటుంబానికి చెందినవారు బలైన దుర్ఘటనను నగరం మరువలేదు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు మించితే నేరం. ల్యాబ్ పరీక్షనూ 2019 సవరణ ఈ సెక్షన్‌లో స్పష్టంగా చేర్చింది. ల్యాబ్‌కు చేరేది కొద్దిపాటి రక్తమే. 5 మిల్లీలీటర్లలో ఆ పరిమితి ఒకటిన్నర మిల్లీగ్రాములు మాత్రమే. ఇంత స్వల్ప పరిమాణాన్ని కొలిచేదెలా?

మిగిలిన చిల్లరే లెక్క

మద్యం ఆవిరైపోయే గుణం కలది. పొటాషియం డైక్రోమేట్‌తో దాని చర్య నెమ్మదిగా సాగుతుంది. కనుక బొట్టు బొట్టుగా కలుపుతూ ఎక్కడ ఆగాలో చూడడం సాధ్యం కాదు. అందుకే బ్యాక్ టైట్రేషన్‌ను ఆశ్రయిస్తారు. కూరగాయలకు వంద రూపాయలిచ్చి పంపి, తిరిగి వచ్చిన చిల్లరను బట్టి ఖర్చు తెలుసుకోవడం వంటిదే ఇది. 1941లో కొజెల్కా, హైన్ ప్రకటించిన పద్ధతి ఈ కోవకు చెందినదే.

రక్తాన్ని వేడిచేసి, వెలువడిన ఆవిరిని సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన డైక్రోమేట్‌లోకి పంపుతారు. డైక్రోమేట్‌ను అవసరానికి మించి, కొలిచి తీసుకుంటారు. మద్యం ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. నారింజ రంగు డైక్రోమేట్‌లో కొంత భాగం ఆకుపచ్చ లవణమవుతుంది. మిగిలిన డైక్రోమేట్‌కు పొటాషియం అయోడైడ్ కలిపితే అయోడిన్ విడుదలవుతుంది. దానిని బ్యూరెట్ నుంచి సోడియం థయోసల్ఫేట్‌తో కొలుస్తారు. చివరి దశలో స్టార్చ్ ద్రావణం వేస్తే ముదురు నీలం ఏర్పడి, ఒక్క బొట్టు తేడాతో మాయమై లేత ఆకుపచ్చ మిగులుతుంది. డిగ్రీలో డైక్రోమేట్‌తో ఇనుమును కొలిచినవారికి ఆ ఒక్క బొట్టు కోసం పడే తంటా గుర్తుండే ఉంటుంది.

మద్యం లేని నీటితోనూ ఇదే ప్రయోగం విడిగా చేస్తారు. 0.05 మోలార్ థయోసల్ఫేట్ నీటికి 20 మిల్లీలీటర్లు, 5 మిల్లీలీటర్ల రక్తానికి 15 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. తేడా 5. ఈ గాఢతలో తేడా ఒక్కో మిల్లీలీటరుకు మద్యం 0.576 మిల్లీగ్రాములు. మొత్తం 2.88. అంటే వంద మిల్లీలీటర్లకు 57.6 మిల్లీగ్రాములు. పరిమితికి దాదాపు రెట్టింపు.

స్పిరిట్ దూదితో చిక్కు

ఈ పద్ధతికి లోపమూ ఉంది. మిథనాల్ వంటి ఇతర పదార్థాల ఆవిరి కూడా డైక్రోమేట్‌ను ఖర్చు చేస్తుంది. ఖర్చు పెట్టినదెవరో మిగిలిన చిల్లర చెప్పదు. ఒక్కో పదార్థాన్ని వేరుచేసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీకి నేడు ప్రాధాన్యం లభించడానికి కారణమిదే.

అసలు జాగ్రత్త ల్యాబ్‌లో కాదు, ఆస్పత్రిలోనే మొదలవుతుంది. రక్తం తీసే ముందు చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడవరాదు. ఆ స్పిరిటే నమూనాలో కలిసే ప్రమాదముంది. సీసాలో సోడియం ఫ్లోరైడ్ వేయాలి. లేకుంటే నిల్వలో సూక్ష్మజీవులు మద్యాన్ని పుట్టించనూవచ్చు, హరించనూవచ్చు. మూత బిగుతుగా లేకుంటే మద్యం ఆవిరైపోయి, తాగినవాడే తప్పించుకుంటాడు. నమూనా ఇచ్చినవారు, వారి బంధువులు సీసాపై సీలు, తేదీ, సమయం ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి.