తడిలో నిలిచే పూతలు: జీడితొక్క నూనె ఆధారిత ముడిపదార్థాలు - కోనసీమ నేపథ్యం

వ్యాససంగ్రహం:

రంగులు, రక్షణపూతల తయారీలో వాడే ముడిపదార్థాలు గత రెండు దశాబ్దాల్లో గణనీయంగా మారాయి. సీసం, క్రోమేట్ వంటి విషలోహ సమ్మేళనాలు తొలగిపోతున్నాయి. పెట్రోలియం నుంచి వచ్చే ఘటకాలలో కొన్నింటి స్థానాన్ని వృక్షజన్య పదార్థాలు ఆక్రమిస్తున్నాయి. వీటిలో జీడిపిక్క తొక్కనుంచి తీసే నూనె ప్రత్యేకమైనది. దాని నుంచి లభించే కార్డనాల్, కార్డనాల్ నుంచి తయారయ్యే ఫీనాల్కమైన్ల స్వభావాన్ని వివరించి, ఉప్పుగాలి, తడినేల, చమురు-సహజవాయు గొట్టాలు కలిసివున్న తాటిపాక పరిసరాల్లో వాటి ఉపయోగాన్నీ పరిమితులనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రక్షణపూతలు, ఎపాక్సీ, జీడితొక్క నూనె, కార్డనాల్, ఫీనాల్కమైన్, తుప్పు, తాటిపాక, కోనసీమ.

1. ఉపోద్ఘాతం:

కోనసీమ అనగానే కొబ్బరితోటలు, కాలువలు, వరిచేలు గుర్తుకు వస్తాయి. రాజోలు ప్రాంతంలోని తాటిపాకకు మరొక ముఖం కూడా ఉంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో లభించే చమురును శుద్ధి చేసే ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ ఇక్కడ 2001లో ప్రారంభమైంది. దాని సామర్థ్యం ఏడాదికి సుమారు 66,000 టన్నులు. బావుల నుంచి, సేకరణ కేంద్రాల నుంచి బయలుదేరే ఉక్కు గొట్టాలు తోటల కిందుగా, చేల కిందుగా సాగిపోతాయి. సముద్రం దూరం కాదు. గాలిలో ఉప్పు, నేలలో తడి ఏడాదిలో ఎక్కువ కాలం ఉంటాయి. ఇంటి కిటికీ ఊచ మొదలుకొని చమురు ట్యాంకు వరకు ఇక్కడి ఇనుమంతా తుప్పుతో పోరాడవలసిందే.

ఆ పోరాటంలో ఇనుముకు తొలి కవచం పూత. ఏ పూతలోనైనా ప్రధానంగా నాలుగు భాగాలుంటాయి. పొరగా ఏర్పడి ఉపరితలాన్ని పట్టుకునేది బంధకం. రంగును, కప్పుదలను, కొన్ని సందర్భాల్లో తుప్పు నిరోధాన్ని ఇచ్చేది వర్ణకం. పూయడానికి అనువైన పలుచదనాన్ని ఇచ్చేది ద్రావణి. నిల్వను, పూత తీరును సరిదిద్దేవి సంకలితాలు. చూసేవారికి కనిపించేది వర్ణకమే అయినా, పూత ఆయుష్షును ఎక్కువగా నిర్ణయించేది బంధకం. ఈ వ్యాసం ప్రధానంగా బంధకానికి సంబంధించినది.

2. ముడిపదార్థాలు మారడానికి కారణాలు:

మార్పుకు మొదటి కారణం ఆరోగ్యం. ఇనుముపై ప్రైమర్‌గా తరతరాలు వాడిన ఎర్రసింధూరం సీసపు ఆక్సైడ్. జింక్ క్రోమేట్‌లోని ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం. మనదేశంలో గృహోపయోగ, అలంకరణ రంగులలో సీసం మోతాదును పదిలక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేస్తూ 2016లో నియమాలు వెలువడ్డాయి. అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రైమర్లలో ఈ విషలోహాల స్థానంలో జింక్ ఫాస్ఫేట్ వంటి వర్ణకాలు స్థిరపడ్డాయి. ఓడల అడుగున నాచు, నత్తగుల్లలు పట్టకుండా వాడిన కర్బన తగరపు సమ్మేళనాల నిషేధానికి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఒప్పందం చేసింది. అది 2008లో అమల్లోకి వచ్చింది.

రెండవ కారణం గాలి కాలుష్యం. ద్రావణులు ఆవిరై వాతావరణంలో కలుస్తాయి కాబట్టి, నీరు ఆధారమైన రంగులవైపు, ద్రావణి తక్కువగా ఉండే చిక్కని పూతలవైపు పరిశ్రమ మళ్ళింది. మూడవ కారణం పెట్రోలియంపై ఆధారపడటాన్ని తగ్గించుకోవాలన్న ఆలోచన. భారీ రక్షణపూతలలో అగ్రస్థానంలో ఉన్న ఎపాక్సీ రెజిన్‌ను సాధారణంగా బిస్‌ఫీనాల్-ఎ, ఎపిక్లోరోహైడ్రిన్ అనే రెండు రసాయనాల నుంచి చేస్తారు. రెండింటికీ సంప్రదాయ మూలం పెట్రోలియమే. బయోడీజిల్ తయారీలో మిగిలే గ్లిసరాల్ నుంచి ఎపిక్లోరోహైడ్రిన్‌ను తయారుచేసే పద్ధతి ఇప్పుడు పారిశ్రామిక స్థాయికి చేరింది. ఎపాక్సీని గట్టిపరచే రెండవ ఘటకాన్ని పెయింటర్లు హార్డనర్ అంటారు. దాని విషయంలో వృక్షజన్య పదార్థం సాధించిన స్థానం మరింత పాతది, మరింత బలమైనది. ఆ పదార్థమే జీడితొక్క నూనె.

3. జీడి కుటుంబం, అంటుకునే గుణం:

తెలుగువారికి 'జీడి' అన్న మాటలోనే అంటుకుని వదలకపోవడం అనే భావం ఉంది. నల్లజీడి గింజల రసంతో చాకలివారు బట్టలపై గుర్తులు పెట్టేవారు. ఎన్ని ఉతుకులకైనా ఆ మరక పోదు. చర్మానికి తగిలితే పొక్కుతుంది. నల్లజీడి, జీడిమామిడి, చైనా-జపాన్ దేశాల లక్కచెట్టు ఒకే వృక్షకుటుంబానికి చెందినవి. లక్కచెట్టు పాలలోని ఉరుషియాల్, నల్లజీడి రసంలోని ముఖ్య పదార్థం, జీడితొక్క నూనెలోని ఫీనాల్ సమ్మేళనాలు నిర్మాణంలో దగ్గరి బంధువులు. అన్నింటిలోనూ ఒక ఫీనాల్ తరహా వలయం, దానికి వేలాడే పొడవైన కార్బన్ గొలుసు ఉంటాయి. జపాన్ లక్కపూత తేమగాలిలోనే చక్కగా గట్టిపడుతుంది. అంటే తేమతో మైత్రిగల పూత ఈ కుటుంబానికి కొత్త కాదు.

జీడిపిక్క తొక్క తేనెపట్టులా గదులు గదులుగా ఉంటుంది. ఆ గదులలో నిండిన నూనె తొక్క బరువులో సుమారు నాలుగోవంతు. సహజస్థితిలో అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. వేడి తగిలినప్పుడు అది కార్బన్ డయాక్సైడ్‌ను కోల్పోయి కార్డనాల్‌గా మారుతుంది. కార్డనాల్ అణువులో ఫీనాల్ వలయానికి మెటా స్థానంలో పదిహేను కార్బన్ల గొలుసు ఉంటుంది. ఆ గొలుసులో సున్నా నుంచి మూడు వరకు ద్విబంధాలు ఉండవచ్చు. ఈ నూనె ఆధారంగా రెజిన్లు, వాహనాల బ్రేకులకు వాడే ఘర్షణపదార్థాలు గత శతాబ్దం తొలి అర్ధభాగంలోనే తయారయ్యాయి. అందువల్ల ఇక్కడ నవ్యత పదార్థంలో కాక, దాన్ని మలచుకున్న తీరులో ఉంది.

4. ఫీనాల్కమైన్ పనిచేసే తీరు:

కార్డనాల్, ఫార్మాల్డిహైడ్, డైఅమైన్ లేదా పాలీఅమైన్ - ఈ మూడింటి మధ్య మానిష్ చర్య జరిపితే ఫీనాల్కమైన్ వస్తుంది. దీని అణువులోని మూడు భాగాలు మూడు పనులు చేస్తాయి. అమైన్ సమూహాలు ఎపాక్సీ వలయాలను తెరచి వలలాంటి బంధాలను ఏర్పరుస్తాయి. ఫీనాల్ హైడ్రాక్సిల్ ఆ చర్యను వేగవంతం చేస్తుంది. పొడవైన గొలుసు నీటిని దరిచేరనివ్వదు, గట్టిపడిన పొరకు కొంత వంగే గుణాన్నీ ఇస్తుంది.

సాధారణ అమైన్ హార్డనర్లతో ఒక చిక్కు ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అమైన్‌తో కలిసి పూతపై జిడ్డు పొర ఏర్పడుతుంది. దానిమీద వేసిన రెండవ పూత సరిగా అంటదు. ఫీనాల్కమైన్లలో ఈ దోషం చాలా తక్కువ. తేమగా ఉన్న ఉక్కుపై కూడా అవి పట్టుకుంటాయి. చల్లని వాతావరణంలోనూ గట్టిపడతాయి. ఓడల నిర్మాణంలో, చమురు పరిశ్రమలో వీటికి ఆదరణ దక్కడానికి ఇవే ప్రధాన కారణాలు.

ఈ గుణాలను మన వాతావరణానికి అన్వయించేటప్పుడు విచక్షణ అవసరం. చలిలో గట్టిపడటం శీతల దేశాల రేవులకు వరం. కోనసీమ వేసవిలో అదే వేగం ఇబ్బందిగా మారుతుంది. ఎండలో కలిపిన మిశ్రమం పూసేలోపే డబ్బాలో చిక్కబడుతుంది. కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకోవడం, ఉదయపు వేళలు ఎంచుకోవడం తప్పనిసరి. రెండవ పరిమితి రంగుకు సంబంధించినది. ఈ పూతలు ముదురు తేనెరంగులో ఉండి, ఎండకు మరింత పసుపెక్కుతాయి. ఎపాక్సీ ఉపరితలం ఎండలో పొడిబారుతుంది కూడా. నేలపైన ఉండే కట్టడాలకు పైపూతగా పాలీయురేథేన్ వంటిది వేయవలసి ఉంటుంది.

5. తాటిపాక పరిసరాలు - పూత శక్తి, పూత హద్దు:

వాతావరణ తీవ్రతనుబట్టి ఉక్కు పూతలను వర్గీకరించే ఐఎస్ఓ 12944 ప్రమాణంలో సముద్రతీర ప్రాంతాలు పై స్థాయి వర్గాలలోకి వస్తాయి. ఇలాంటి చోట తడిని సహించే పూతకు విలువ ఎక్కువ. అయితే తడిని సహించడం వేరు, ఉప్పును సహించడం వేరు. పూత కింద ఉప్పు మిగిలితే, ఆ ఉప్పు పొరగుండా నీటిని లోపలికి లాగుతుంది. కొంతకాలానికి పూత బొబ్బలెక్కుతుంది. పూయడానికి ముందు ఉక్కును మంచినీటితో కడగాలని చెప్పడం ఇందుకే. తీరానికి దగ్గరి బోరునీరే ఉప్పగా ఉంటే, ఆ నీటితో కడగడం వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. ఇంత సాధారణమైన విషయాన్ని ఏ ఖరీదైన హార్డనరూ సరిదిద్దలేదు.

పూతకు మరొక పెద్ద హద్దు ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున తాటిపాక పక్కనే ఉన్న నగరం గ్రామంలో గెయిల్ సహజవాయు గొట్టం పేలి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పొడి వాయువుకు ఉద్దేశించిన గొట్టంలో నీరు, ద్రవ హైడ్రోకార్బన్లు కలిసిన వాయువు ప్రవహించడం, తుప్పు వల్ల గొట్టం బలహీనపడటం విచారణలో ప్రధానాంశాలుగా వెలుగులోకి వచ్చాయి. భూమిలో పాతే గొట్టాలకు వేసే ఎపాక్సీ-పాలిథిలీన్ పొరలు వెలుపలి నేలతడినుంచి కాపాడతాయి. లోపలి నీటిని అవి ఆపలేవు. దానికి వాయువును ముందే ఆరబెట్టాలి, నిరోధకాలు వాడాలి, గొట్టం లోపలి మందాన్ని క్రమం తప్పక పరీక్షించాలి. పూతల పరిశోధకుడు తన పదార్థం గొప్పతనాన్ని చెప్పేటప్పుడు ఈ హద్దును కూడా చెప్పాలి. రక్షణ అనేది ఒక వ్యవస్థ. పూత అందులో ఒక అంచె.

6. ముడిపదార్థం మన ముంగిట ఉన్నదా?

జీడిపప్పు పరిశ్రమకు శ్రీకాకుళం జిల్లా పలాస ప్రసిద్ధి. తాటిపాకకు సమీపంలోనే, సఖినేటిపల్లి మండలం మోరి గ్రామం కూడా జీడిపప్పు తయారీకి పేరుపొందింది. పప్పు విలువ అందరికీ తెలుసు. తొక్క విలువ తయారీ పద్ధతిపై ఆధారపడి ఉంటుంది. పిక్కలను నేరుగా మంటపై కాల్చే పద్ధతిలో నూనెలో కొంత పొగగా పోతుంది. ఆ పొగ పనివారికీ ఊరికీ హాని. ఆవిరిపై ఉడికించే పద్ధతిలో నూనె తొక్కలోనే నిలుస్తుంది. ఆ తొక్కను గానుగ వంటి యంత్రంలో పిండి నూనె తీయవచ్చు. తొక్కను వంటచెరకుగా పొయ్యిలో వేస్తే, రక్షణపూతకు పనికివచ్చే రసాయనం బూడిదవుతుంది.

పిక్కలు కొట్టే పనిలో ఎక్కువమంది మహిళలు. తొక్కరసం తగిలి వారి వేళ్ళు పొక్కుతాయి, నల్లబడతాయి. ఇనుమును అంటిపెట్టుకునే గుణమే చర్మాన్నీ కాలుస్తుంది. 'హరిత' ముడిపదార్థం అనే పేరు సార్థకం కావాలంటే చేతితొడుగులు, మెరుగైన యంత్రాలు కూడా ఆ లెక్కలోకి రావాలి.

ఆ పేరు విషయంలో మరొక స్పష్టత అవసరం. ఫీనాల్కమైన్‌లో కార్డనాల్ వంతు మాత్రమే వృక్షజన్యం. అమైన్, ఫార్మాల్డిహైడ్ సాధారణంగా పెట్రోరసాయన మూలాలవే. ఎదుటి ఘటకమైన ఎపాక్సీ రెజిన్ కూడా ఎక్కువగా అంతే. అయినా ఆహారపంటలతో పోటీపడని, పప్పు పరిశ్రమ ఉపఉత్పత్తిగా లభించే మూలం కావడం దీని ప్రత్యేకత.

7. పరిశోధనకు అవకాశాలు:

మన విశ్వవిద్యాలయాల రసాయనశాస్త్ర విభాగాలు చేపట్టదగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఒకటి, నూనె నాణ్యతలోని వ్యత్యాసం. మనదేశంలో శుద్ధి అయ్యే పిక్కల్లో పెద్ద భాగం ఆఫ్రికా దేశాలనుంచి వస్తుంది. ప్రాంతాన్నిబట్టి, వేడిచేసిన తీరునుబట్టి కార్డనాల్ గొలుసులోని ద్విబంధాల నిష్పత్తి మారుతుంది. ఈ మార్పు పూత గట్టితనాన్ని ఎంతవరకు ప్రభావితం చేస్తుందో కొలవాలి. రెండు, పరీక్షా పద్ధతి. 35 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 శాతం ఉప్పునీటి తుంపరలో జరిపే ప్రయోగశాల పరీక్ష త్వరిత ఫలితమిస్తుంది. అయితే వానకు తడిసి, ఎండకు ఆరి, మళ్ళీ ఉప్పుగాలికి గురయ్యే కోనసీమ ఋతుచక్రాన్ని అది ప్రతిబింబించదు. అంతర్వేది తీరాన, తాటిపాక వంటి లోపలి గ్రామంలో, ఒక రొయ్యల చెరువు గట్టున ఉక్కు పలకలను కొన్నేళ్ళు నిలబెట్టి చూడటం తక్కువ ఖర్చుతో అయ్యే పని. కళాశాల స్థాయిలోనూ సాధ్యమే. మూడు, ఫార్మాల్డిహైడ్ అవసరం లేకుండా కార్డనాల్‌ను అమైన్‌గా మార్చే మార్గాలు. పూతల రసాయనశాస్త్రంలో అనుభవమున్న హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వంటి కేంద్రాలతో కళాశాలలు కలిసి పనిచేయడానికి ఇది తగిన రంగం.

8. ముగింపు:

జీడితొక్క నూనె ఆధారిత ఫీనాల్కమైన్లు తేమ వాతావరణానికి తగిన పూతలనిస్తాయని వాటి అణునిర్మాణమే చెబుతుంది. వేడిలో త్వరగా చిక్కబడటం, ఎండకు రంగు మారడం, ఉపరితలంపై ఉప్పును సహించలేకపోవడం వాటి పరిమితులు. గొట్టం లోపలి తుప్పు వాటి పరిధికి వెలుపలిది. ముడిపదార్థం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నతోపాటు అది ఏ నేలపై, ఏ గాలిలో, ఎన్నేళ్ళు నిలిచిందన్న ప్రశ్నకూ సమాధానం చెప్పినప్పుడే ఒక నూతన పదార్థానికి శాస్త్రీయ విలువ ఏర్పడుతుంది. తొక్క, తుప్పు, ప్రయోగానికి కావలసిన వాతావరణం మూడూ కోనసీమలో పక్కపక్కనే ఉన్నాయి. వాటిని కలిపి చూసే దీర్ఘకాలిక క్షేత్రపరిశోధన ఇకపై జరగవలసి ఉంది.