బి.ఇ. గొప్పదా? బి.టెక్. గొప్పదా?
ధవళేశ్వరం ఆనకట్టలోనే ఉంది జవాబు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, గోదావరి పల్లెల్లో అరుగుల మీద ఒక ప్రశ్న తప్పక వినపడుతుంది: బి.ఇ. గొప్పదా, బి.టెక్. గొప్పదా? పొలం తాకట్టు పెట్టి కొడుకును చదివించే రైతుకు ఇది చిన్న సందేహం కాదు. ఒకటి ఇంజనీరింగు, రెండోది టెక్నాలజీ అన్నారు కనుక ఒకటి ఆఫీసరు చదువు, ఇంకొకటి మెకానిక్ చదువు కాబోలునని అనుకునేవారూ లేకపోలేదు.

కాకినాడ కాలేజీ సంగతి తెలిస్తే ఈ సందేహం సగం తీరుతుంది. 1946లో విశాఖపట్నంలో మొదలై తర్వాత కాకినాడకు తరలిన ఆ ఇంజనీరింగు కాలేజీ ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉన్న రోజుల్లో బి.ఇ. పట్టాలు ఇచ్చింది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడి, కాలేజీ దానిలో చేరాక బి.టెక్. పట్టాలు వచ్చాయి. కాలేజీ అదే, చదువూ అదే. అన్నది బి.ఇ. అయితే తమ్ముడిది బి.టెక్. అయిందంతే! ఉస్మానియా వారు ఇప్పటికీ బి.ఇ. అనే ఇస్తున్నారు. ఉద్యోగానికి రెండూ సమానమే.

పట్టాల్లో తేడా లేకపోయినా మాటల్లో మాత్రం ఉంది. టెక్నాలజీకి మూలం గ్రీకు భాషలోని 'టెక్నే'. చేతి నేర్పు, పనితనం అని అర్థం. ఇంజనీరు అన్నదానికి మూలం లాటిన్‌లోని 'ఇంజెనియం'. అంటే బుద్ధి, ఉపాయం. ఈ రెండూ కలిసి పనిచేసిన చోటు చూడాలంటే దూరం పోనక్కరలేదు. ధవళేశ్వరం ఉంది.

1833 నాటి కరువులో గోదావరి నీరు కళ్ల ముందే సముద్రంలో కలుస్తుంటే డెల్టా జనం ఆకలితో అలమటించారు. ఏటికి అడ్డంగా రాతికట్ట వేయాలి సరే, కింద అంతా ఇసుక. ఎంత తవ్వినా రాయి తగలని చోట బరువైన కట్టడం నిలిచేదెలా? కాటన్ దొరకు ఈ చిక్కు విడిపోయింది తెల్లవారి పుస్తకాల్లో కాదు. అంతకుముందు ఆయన తంజావూరు సీమలో కావేరి మీద పనిచేశారు. చోళరాజు కరికాలుడు కట్టించాడని చెప్పే కల్లణై అక్కడ ఇసుక మీదే వందల ఏళ్లుగా నిలిచి ఉంది. లోతు తెలియని ఇసుకలో పునాది వేయడం ఈ దేశస్థుల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ తర్వాత దాపరికం లేకుండా రాశారు.

ఒరల నుయ్యి దింపడం చూసినవారికి ఆ కిటుకు సులువుగానే బోధపడుతుంది. ఒర లోపలి ఇసుక తోడేకొద్దీ ఒర తన బరువుతో తానే కిందికి దిగుతుంది. ఇసుకలో అలా నూతులను వరుసలుగా దింపి, వాటిమీద గోడ లేపి, దిగువన కోత పడకుండా పెద్ద బండలు పరిచారు. అతుకు వేసింది సున్నమే. నూతులు దింపే నేర్పు, సున్నం నూరే నేర్పు, రాయి కొట్టే నేర్పు, ఇదంతా టెక్నాలజీయే. ఏ పట్టా లేని చేతుల్లో ఉన్న టెక్నాలజీ. ఆ చేతులను ఒకచోటికి చేర్చి పని నడిపించడంలో కాటన్‌కు అండగా నిలిచిన తెలుగువాడు వీణం వీరన్న.

మరి ఇంజనీరింగు ఎక్కడ? కట్ట ఇక్కడే ఎందుకన్న నిర్ణయంలో ఉంది. ధవళేశ్వరం దగ్గర నది వెడల్పయి, లంకల మధ్య ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలుగా చీలుతుంది. రాయికి పక్కనే కొండ ఉంది. నీరు కాలువల్లోకి ఎక్కాలంటే కట్ట ఎంత ఎత్తుండాలి, చివరి చేనుదాకా పారాలంటే కాలువకు ఎంత వాటం ఇవ్వాలి, మేట వేసే ఇసుకను ఏ తూముతో కొట్టించాలి, ఇవన్నీ ఈ ఏటికి, ఈ నేలకు కట్టిన లెక్కలు. కావేరి లెక్క ఇక్కడ పనికిరాదు. లెక్క తప్పితే పనివాళ్ల నేర్పంతా ఏటి పాలే. 1847లో మొదలుపెట్టిన పని 1852లో ముగిసింది.

పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన కాటన్ బ్యారేజీకి 175 గేట్లున్నాయి. గేటు, దాన్ని లేపే యంత్రం టెక్నాలజీ. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని ముందే గీసి పెట్టిన గీతలు ఇంజనీరింగు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు బ్యారేజీ నిలిచింది, ఏటిగట్లు తెగి ఊళ్లు మునిగాయి. గేటు ఎంత గట్టిదైనా, గట్టు ఎంత ఎత్తుండాలో అది చెప్పదు కదా. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకవాసులు రాత్రింబవళ్లు చెవి ఒగ్గి విన్నది ఆ అడుగుల అంకెల కోసమే.

కనుక పిల్లవాణ్ణి చేర్చేముందు అడగవలసింది పట్టా పేరు కాదు. కాలేజీకి అఖిల భారత సాంకేతిక విద్యా మండలి అనుమతి ఉందా, వర్క్‌షాపులో యంత్రాలు నడుస్తున్నాయా, తాళం వేసి ఉన్నాయా అన్నది కళ్లారా చూడాలి. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో చేరినవారికీ దారి మూసుకుపోలేదు. మూడేళ్ల డిప్లొమా పూర్తిచేసి ఇ-సెట్‌లో ర్యాంకు తెచ్చుకుంటే నేరుగా ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చు.