పెద్ద దుకాణము – చిన్న చిట్టీ

జీతము చేతికి రాగానే నెలకు సరిపడు సరుకులు ఒకేసారి తెచ్చుకొనుట గోదావరిఖని కాలనీలలో చాలకాలముగా ఉన్న అలవాటే. సింగరేణి వారి సూపర్ బజారు ఈ బొగ్గుగనుల ప్రాంతమునకు పాత పరిచయము. ఇప్పుడు వాటికి తోడుగా, ముద్రించిన ధర కంటె తక్కువకు విక్రయించు పెద్ద పెద్ద డిస్కౌంట్ దుకాణములు మన పట్టణములలో వెలసినవి. అక్కడ సరుకు చవక, నాణ్యత కూడ చాలవరకు బాగుగనే ఉండును. ఆ దుకాణములలో ఏ సరుకు ఆరోగ్యమునకు మంచిది, ఏది కాదు అని గృహిణులు నన్ను తరచుగా అడుగుచుందురు. ప్రశ్న మంచిదే గాని, దానికంటె ముందు అడుగవలసినది మరొకటి కలదు. ఏ సరుకు ఎంత?

ఆహారము మేలు చేయుటకు గాని కీడు చేయుటకు గాని ఎనిమిది విషయములు కారణములని చరక సంహితలోని విమానస్థానము మొదటి అధ్యాయములో చెప్పబడినది. పదార్థ స్వభావము, వండు విధము, కలయిక అను మూడింటి తరువాత వచ్చునది రాశి, అనగా పరిమాణము. దీనిని రెండు విధములుగా చూడవలెను. విస్తరిలోని మొత్తము ఆహారము ఎంత అనునది సర్వగ్రహము. అందులో అన్నమెంత, పప్పెంత, నూనె ఎంత, ఉప్పెంత అని విడివిడిగా కొలుచుట పరిగ్రహము. మా గురువుగారు ఈ రెండు మాటలను మాకు వంటశాలలోనే నేర్పినారు. బియ్యము కొలుచు సోల, నూనె కొలుచు గరిటె ఆనాటి మా పాఠ్యపుస్తకములు. సర్వగ్రహము తప్పిన కడుపు వెంటనే చెప్పును. పరిగ్రహము తప్పిన కడుపు చెప్పదు. పది పదునైదేండ్ల తరువాత రక్తపరీక్ష చెప్పును.

పెద్ద దుకాణములో దెబ్బతినునది ఈ పరిగ్రహమే. డీమార్ట్ వారు తమ మొదటి దుకాణమును 2002లో ముంబయిలో తెరచినారు. ఇటువంటి దుకాణముల కిటుకులో రహస్యమేమియు లేదు. పెద్ద మొత్తములో కొని, సరఫరాదారులకు త్వరగా సొమ్ము చెల్లించి ధర తగ్గించుకొని, స్వల్ప లాభమునకు వేగముగా అమ్ముట. ఇందులో మోసము లేదు. కాని సరుకు వేగముగా కదలవలెనన్న కొనువారు చిట్టీలో లేనిది కూడ కొనవలెను. రెండు కొన్నచో ఒకటి ఉచితమను పలకలు అందుకే. ఆ పలకలు ఏ అరల వద్ద ఎక్కువగా ఉండునో ఈసారి గమనించండి. బిస్కెట్లు, నూడుల్స్, తీపి పానీయములు, చిప్స్ వద్ద కనబడినంతగా పెసల వద్ద, మెంతుల వద్ద కనబడవు.

కొంతకాలముగా నేను మధుమేహము, రక్తపోటు గలవారిని సరుకుల బిల్లు కూడ వెంట తెమ్మని చెప్పుచున్నాను. భూగర్భ గనిలో ముప్పది ఏండ్లు పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్న ఒక పెద్దమనిషి భార్య తెచ్చిన బిల్లు ఇది. ఇంటిలో నలుగురు. ఒక్క నెలకు వంటనూనె 6 లీటర్లు, చక్కెర 5 కిలోలు, ఉప్పు 2 కిలోలు, మైదా 2 కిలోలు, బిస్కెట్లు, రస్కులు కలిపి 14 పొట్లములు. పెసరపప్పు అర కిలో. "అన్నీ ఆఫర్లనే తెచ్చినం సారూ, ఎనిమిది వందలు మిగిలినయి" అని ఆమె సంతోషముగా చెప్పినది. భర్తకు చక్కెర వ్యాధి వచ్చి అప్పటికి ఆరేండ్లు. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన కాలములో ఆ దేహము తిన్నదంతయు అరిగించుకొన్నది. తరువాత యంత్రములు వచ్చినవి, పదవీ విరమణ వచ్చినది, కంచములోని అన్నము మాత్రము తగ్గలేదు. పైగా ఈ నూనె, ఈ రస్కులు వచ్చి చేరినవి.

ఆమెతో కూర్చుండి లెక్క వేసినాను. పెద్దవారు దినమునకు 5 గ్రాములకు తక్కువగా ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా నలుగురికి నెలకు 600 గ్రాములు. కిలో పొట్లము యాబది దినములు రావలెను. పచ్చళ్లు, అప్పడములు, చిప్స్‌లోని ఉప్పు కూడ ఈ లెక్కలోనిదే కనుక నిజమునకు ఇంకను ఎక్కువ దినములు రావలెను. పిప్పలి, క్షారము, ఉప్పు అను మూడింటిని అతిగా వాడరాదని చరకుడు ప్రత్యేకముగా హెచ్చరించుట ఇక్కడ గుర్తు చేయదగినది. చెమటోడ్చి పనిచేయు దినములలో అలవాటైన ఉప్పు చేయి, నీడపట్టున కూర్చున్న తరువాత కూడ మారకపోవుట మన గని కుటుంబములలో నేను తరచుగా చూచుచున్న విషయము.

చక్కెర మాటకు వత్తును. కలిపిన తీపి దినమునకు 25 గ్రాములకు తగ్గించుకొనుట మేలని అదే సంస్థ సలహా. ఆరోగ్యవంతులైన నలుగురికి అది నెలకు 3 కిలోలు. అందులో బిస్కెట్లు, మిఠాయిలు, సీసా పానీయములలోని తీపి కూడ చేరియున్నది. కనుక డబ్బాలో పోసుకొను చక్కెర ఒకటిన్నర కిలో మించరాదు. మధుమేహము గల ఇంటిలో ఇంకను తక్కువ. బెల్లము వాడుచున్నాము గదా అందురు. మధుమేహికి బెల్లము కూడ తీపియే. నూనె మనిషికి నెలకు అర లీటరు నుండి ముప్పావు లీటరు చాలునని నేను చెప్పుచుందును. మరుసటి నెల ఆ ఇంటికి నూనె 3 లీటర్లు, చక్కెర ఒక కిలో వచ్చినవి. మిగిలిన సొమ్ముతో పెసలు, పల్లీలు, జొన్నలు, మెంతులు చేరినవి. బిల్లు పెరగలేదు. డాక్టరుగారు ఇచ్చిన మాత్రలు మాత్రము ఆపరాదని గట్టిగా చెప్పి పంపినాను.

ఇక దుకాణములో కొనదగిన వాని మాట. నిత్యము తినదగిన వానిలో శాలిధాన్యము, యవలు, పెసలు, ఉసిరిక, సైంధవము, పాలు, నెయ్యి మొదలగువానిని చరకుడు పేర్కొన్నాడు. మినుములు నిత్యసేవనమునకు తగవని కూడ అక్కడనే కలదు. దినము విడిచి దినము ఇడ్లీ, దోసె తిను ఇండ్లవారు ఇది ఆలోచించవలెను. పొట్టుతో ఉన్న పెసలు చవక, లఘువు, వృద్ధులకు సైతము అరుగును. సైంధవము పేరు చదివి అయొడైజ్డ్ ఉప్పు మానివేయుట సరికాదు. సైంధవములో అయొడిన్ సాధారణముగా ఉండదు. మజ్జిగలోనికి చిటికెడు సైంధవము, వంటకు అయొడైజ్డ్ ఉప్పు వాడవలెను.

బియ్యములో ఏడాది నిలువ ఉన్న పాత బియ్యము లఘువు, కొత్తది గురువు. రాజేంద్రనగర్ పరిశోధకులు రూపొందించిన తెలంగాణ సోనా, అనగా ఆర్.ఎన్.ఆర్. 15048, రక్తములో చక్కెరను కొంత మెల్లగా పెంచునని పేరొందినది. అయినను అది అన్నమే, కొలత తప్పదు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా జరిపినప్పటి నుండి అందమైన పొట్లములలో చిరుధాన్యములు చాల ఖరీదుకు వచ్చుచున్నవి. మన తాతముత్తాతలు జొన్న గటుక, జొన్న రొట్టె తిని గనులలోనికి దిగినవారు. అంగడిలో విడిగా దొరకు జొన్నలు తెచ్చి గిర్నీలో పట్టించుకొన్నచో సగము ఖర్చు తగ్గును.

రాత్రి షిఫ్టునకు పోవువారి సంచిలో బిస్కెట్ పొట్లము పెట్టుట ఒక ఆచారమైనది. అదే దుకాణములో పుట్నాలు, పల్లీలు, అటుకులు ఉండును. పొట్లముపై గ్రాము లేక కిలో లెక్కన ధర ముద్రించవలెనను నియమము ఇప్పుడు కలదు. దానిని చూచి పోల్చిన యెడల క్రీము బిస్కెట్ల కంటె పుట్నాలు చవకయని తెలియును. ఆకలి కూడ ఎక్కువసేపు ఆగును.

పొట్లము వెనుక చిన్న అక్షరములు చదువుట అలవాటు చేసికొనవలెను. అందులో కలిపిన పదార్థములను బరువునుబట్టి, ఎక్కువదాని నుండి తక్కువదానికి వరుసగా వ్రాయవలెనని నియమము. ముందువైపు రాగి బొమ్మ ఉండి, వెనుక మొదటి పేరు మైదా, రెండవది చక్కెర అయినచో అది రాగి బిస్కెట్ కాదు. పిల్లల బలమునకని అమ్ము తీపి పొడులను హెల్త్ డ్రింక్స్ వర్గము నుండి తొలగించవలసినదిగా కేంద్ర ప్రభుత్వము ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు 2024 ఏప్రిల్‌లో సూచించినది. ఆ సొమ్ముతో పాలు, ఒక గుప్పెడు పల్లీలు పెట్టవచ్చును.

పోపుదినుసుల అర మన ఇంటి ఔషధశాల. అక్కడ వెనుకాడవలదు. జీలకర్ర, ధనియాలు, వాము, మెంతులు, శొంఠి అన్నియు పొడులుగా గాక గింజలుగా, కొమ్ములుగా కొనవలెను. పసుపు పొడిలో సీసము గల రంగు కలిపిన ఉదంతములు మన దేశములో బయటపడినవి. కనుక పసుపు కొమ్ములు కొని దంచుకొనుట క్షేమము. భోజనానంతరము కడుపు ఉబ్బరించువారు ధనియాలు, జీలకర్ర చెంచా చొప్పున నీటిలో మరిగించి వడగట్టి గోరువెచ్చగా త్రాగవలెను. చక్కెర మాత్రలు వాడువారు మెంతులను అధికముగా తీసుకొనుటకు ముందు వైద్యునికి చెప్పవలెను. రెండును కలిసి చక్కెరను మరీ తగ్గించవచ్చును.

కూరగాయలు మాత్రము వీలైనంతవరకు సంతలోనో రైతుల వద్దనో కొనుట నాకు ఇష్టము. రైతు బజార్లు 1999 జనవరిలో మొదలైనది రైతుకు, కొనువారికి నడుమ దళారి లేకుండుటకే. పుంటికూర, తోటకూర, పాలకూర వారమునకు మూడుసార్లయినను వండవలెను. చలికాలములో ఉసిరికాయలు చవక. ఎండబెట్టి ఒరుగులు చేసికొన్నచో ఏడాది వచ్చును. మన ఊరిలో బొగ్గుధూళి ఎక్కువ కనుక ఆకుకూరలను రెండు మూడు నీళ్లలో కడుగవలెను, ఒరుగులపై పలుచని గుడ్డ కప్పవలెను.

నెలసరుకు ఇంటికి చేరిన తరువాత పప్పులను ఒక పూట ఎండలో పోసి, చల్లారిన పిమ్మట పొడి డబ్బాలలో నింపి, ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు వేసి మూత బిగించవలెను. నూనె డబ్బా మూతపై తెరచిన తేదీ వ్రాయుడు. నెల పూర్తి కాకమునుపే అది ఖాళీ అయినచో, మరుసటి చిట్టీ అక్కడ నుండి మొదలుపెట్టవలెను.