హైస్కూలు బరి నుంచి కాలేజీ జట్టుకు

ప్రియమైన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది మన హాస్టలు పక్కనున్న కబడ్డీ బరి. వానాకాలం వస్తే దివిసీమ నల్లమట్టి కాళ్లకు బంకలా పట్టేది. ఏటి ఇసుక బస్తాల్లో తెచ్చి పోసి, సున్నంతో గీతలు గీసుకుని, స్టడీ అవరు గంట కొట్టేదాకా కూత పెట్టేవాళ్లం. పదో తరగతి నాటికి మా బ్యాచిలో జిల్లా స్థాయి ఆడినవాళ్లం ఐదుగురం. డిగ్రీకి వచ్చేసరికి కాలేజీ జట్టులో ఉన్నది నేనొక్కణ్ణే. మిగతా నలుగురూ నాకంటే బాగా ఆడేవాళ్లు. వాళ్లు ఆగిపోయింది ఆట తెలియక కాదు, దారి తెలియక. ఆ దారి గురించే ఈ నాలుగు మాటలు.

హైస్కూల్లో మనం ఏమీ అడగనక్కర్లేదు. డ్రిల్లు మాస్టారే పేర్లు రాసుకుంటారు, ఆయనే బస్సు ఎక్కిస్తారు. పాఠశాల క్రీడల్లో అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని మూడు విభాగాలున్నాయి. పదో తరగతితో చాలామందికి అండర్ 17 ముగుస్తుంది. అండర్ 19 ఆడాల్సింది ఇంటర్మీడియట్‌లో. అసలు చిక్కు అక్కడే వస్తుంది. పదో తరగతి అవగానే పాత హాస్టలు వదలాలి, కొత్త కాలేజీ, కొత్త ఊరు. చాలా జూనియర్ కాలేజీల్లో ఆటస్థలం ఉండదు. రెండేళ్లు పుస్తకాలకే అంకితమవుతాం. ఆ రెండేళ్లలో దమ్ము పోతుంది, పేరు పోతుంది. అందుకని ఇంటర్లో చేరిన మొదటి నెలలోనే ప్రిన్సిపాల్ గారిని అండర్ 19 ఎంపికలు ఎప్పుడని అడగండి. జట్టు లేకపోయినా రోజుకు అరగంట పరుగు, యాభై గుంజీళ్లు మానకండి. కబడ్డీకి పెట్టుబడి ఊపిరి, తొడల బలం. ఈ రెండూ డబ్బుకు దొరకవు.

డిగ్రీలో ఆట పద్ధతే మారుతుంది. ఇక్కడ ఫిజికల్ డైరెక్టర్ గారు మన దగ్గరకు రారు. నోటీసు బోర్డులో ఎంపికల తేదీ వేస్తారు, మనమే వెళ్లాలి. కాలేజీ జట్టు అంతర్ కళాశాలల పోటీలకు వెళ్తుంది. అక్కడ బాగా ఆడినవారిని విశ్వవిద్యాలయ జట్టుకు తీసుకుంటారు. నేను డిగ్రీలో చేరిన రోజుల్లో మన జిల్లా కాలేజీలు నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంటే విశ్వవిద్యాలయ జట్టు మన గడప ముందుకే వచ్చింది. ఆ జట్టు దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఆడుతుంది, అక్కడ నెగ్గుకొస్తే అఖిల భారత పోటీలకు వెళ్తుంది. ఈ పోటీలకు వయసు 17 నుంచి 25 ఏళ్ల లోపు ఉండాలి, రెగ్యులర్ కోర్సులో చదువుతూ ఉండాలి. దూరవిద్యలో చేరినవారికి అవకాశం లేదు. అడ్మిషన్ తీసుకునేటప్పుడే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక బరి సంగతి. సబ్ జూనియర్లకు బరి 11 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. పురుషులకు 13 మీటర్లు, 10 మీటర్లు. సబ్ జూనియర్లకు పదిహేను నిమిషాల చొప్పున రెండు సగాలు, పురుషులకు ఇరవై నిమిషాల చొప్పున. రెండు మీటర్లు పెరిగితే ఏముందిలే అనుకుంటాం. కూతకు వెళ్లి తిరిగి గీత దాటాల్సినప్పుడు ఆ రెండు మీటర్లు రెండు మైళ్లలా ఉంటాయి. ఎదుటివాళ్ల బరువూ మారుతుంది. పురుషుల విభాగంలో 85 కిలోల వరకు అనుమతి ఉంది. మనం యాభై ఐదు కిలోలతో వెళ్లి అలాంటివాడి నడుము పట్టుకుంటే వాడు మనల్ని కూడా గీత దాటించేస్తాడు. బక్కపలచని వాడు నడుము జోలికి పోకుండా చీలమండ పట్టు నేర్చుకోవాలి, పక్కవాడి చెయ్యి వదలకుండా గొలుసు కట్టాలి.

నా సంగతి చెబుతాను. హైస్కూల్లో నేను కూతకు పేరు మోసినవాణ్ణి. డిగ్రీ మొదటి ఏడాది ఎంపికల్లోనూ ఆరు కూతలకు వెళ్లాను, నాలుగుసార్లు పట్టుబడ్డాను. జట్టులో నా పేరు పన్నెండోది. ఆ ఏడాదంతా అదనపు ఆటగాడిగా కూర్చున్నాను, నీళ్లు అందించాను. చాలా అవమానంగా అనిపించి మానేద్దామనుకున్నాను. మా సీనియర్ అన్న ఒకాయన, "కూతకు వెళ్లేవాళ్లు మనకి ఐదుగురున్నారు. ఎడమ మూల కాసేవాడు ఒక్కడూ లేడు. నీకు అర్థమవుతోందా?" అన్నారు. అర్థమైంది. రెండో ఏడాదికి నేను ఎడమ మూల ఆటగాణ్ణి.

తమ్ముళ్లూ, ఇదే నేను చెప్పదలచుకున్న అసలు మాట. స్కూలు జట్టులో ఒక్కడు బాగా ఆడితే కప్పు వస్తుంది. కాలేజీకి వచ్చేవాళ్లంతా తమ తమ స్కూళ్లలో ఆ ఒక్కడే అయినవాళ్లు. అందుకని 'నేనేం బాగా ఆడతాను' అని కాదు, 'ఈ జట్టుకు ఏం తక్కువైంది' అని చూసుకున్నవాడే నిలబడతాడు. ఇప్పటి నియమాలు కూడా ఆ మాటే చెబుతున్నాయి. బరిలో ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు కూతకు వచ్చినవాణ్ణి పట్టుకుంటే ఒక పాయింటు అదనం. కాపలా కాసేవాడి విలువ అంత పెరిగింది.

పట్టణాల్లో ఇప్పుడు పోటీలు ఎక్కువగా చాప మీదే జరుగుతున్నాయి. మట్టి మీద వట్టి కాళ్లతో ఆడినవాడికి చాప మీద బూట్లు కొత్త. మట్టిలో కాలు జారుతుంది, చాప మీద పట్టేస్తుంది. ఒక్కసారిగా తిరిగితే మోకాలు మెలిపడుతుంది. పోటీకి వారం ముందైనా బూట్లతో అలవాటు పడాలి.

హాస్టలు పిల్లలకు ఇంకో రెండు జాగ్రత్తలు. ఒకటి హాజరు. స్కాలర్‌షిప్పుకు 75 శాతం హాజరు కావాలి. ఆటలకు వెళ్లిన ప్రతిసారీ ఫిజికల్ డైరెక్టర్ గారి దగ్గర ఆన్ డ్యూటీ కాగితం తీసుకుని ఆఫీసులో ఇవ్వండి. ప్రాక్టీసు వల్ల రాత్రి హాజరు వేళకు ఆలస్యమైతే వార్డెన్ గారికి ముందే చెప్పి అనుమతి తీసుకోండి. దాక్కుని గోడ దూకి రాకండి. రెండోది సర్టిఫికెట్లు. మా ఐదుగురిలో ఒకడి ఇంట్లోకి వరద నీళ్లు వచ్చి ట్రంకు పెట్టెలోని సర్టిఫికెట్లన్నీ ముద్దయ్యాయి. తర్వాత క్రీడా కోటాలో దరఖాస్తు పెట్టడానికి వాడి దగ్గర ఒక్క కాగితం లేదు. ప్లాస్టిక్ కవరులో పెట్టండి, జిరాక్సులు తీయించి వేరేచోట ఉంచండి, ఫోనులో ఫొటో తీసుకోండి. ఉద్యోగాల్లో క్రీడా కోటా ఉంది. ఏ స్థాయి పోటీకి ఎంత విలువ అన్నది ఆయా నోటిఫికేషన్లలో చదువుకోవాలి.

చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పదో తరగతి తర్వాత "ఇంక ఆటలెందుకమ్మా" అనే మాట మీకే ఎక్కువ వినిపిస్తుంది. ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ 1990లో చేరితే, మహిళల కబడ్డీ 2010లో గాని చేరలేదు. ఇరవై ఏళ్లు ఆలస్యంగా తలుపు తెరిచినా, 2023లో హాంగ్‌ఝౌలో మన దేశానికి నూరో పతకం తెచ్చింది మహిళల కబడ్డీ జట్టే, అదీ స్వర్ణం. ఇంట్లో వద్దంటే ఈ సంగతి చెప్పండి. అమ్మానాన్నలను ఒకసారి పోటీ చూడ్డానికి పిలవండి. మా ఊళ్లో ఒక అమ్మ కూతురి ఆట చూసిన రోజు నుంచి పొద్దున్నే రెండు గుడ్లు ఉడకబెట్టి పంపడం మొదలుపెట్టింది.

ఆగిపోయిన ఆ నలుగురిలో ఒకడు ఇప్పటికీ కనిపిస్తే, "ఒరే, ఇంటర్లో ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే" అంటాడు. అప్పుడు వాడికి చెప్పేవాళ్లు లేరు. మీకు నేను చెప్పాను. మీరు మీ తర్వాతి బ్యాచికి చెప్పండి. సంక్రాంతి సెలవుల్లో నేను ఊరికి వస్తాను. సాయంత్రం బరిలో కలుద్దాం. ఎడమ మూల మాత్రం నాదే!

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి